మాటిచ్చి పరిగెత్తేవాడు

ఫోను వచ్చినప్పుడు నేను తెనాలిలో మా మేడ మీద ఆరేసిన బట్టలు తీస్తున్నాను. మబ్బు పట్టి ఉంది. చేసింది రేపల్లె నుంచి మా స్నేహితుడి కూతురు. వాడు పోయి అప్పటికి ఇంకా నెల కాలేదు.

"బాబాయ్, వచ్చే ఆదివారం నాన్నగారి సంస్మరణ సభ పెడుతున్నామండి. అన్ని పార్టీల వాళ్ళూ వస్తామన్నారు. మీరో పది నిమిషాలు మాట్లాడాలి."

"నేనేం మాట్లాడతానమ్మా? బళ్ళో లెక్కలు చెప్పుకున్నవాణ్ణి. సభలు నాకెక్కడ అలవాటు?"

"రాజకీయాలు మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు బాబాయ్. నాన్నగారు మనిషిగా ఎలాంటివారో చెప్పడానికి మీరు తప్ప ఎవరున్నారు? ఆయన నిజాయితీ గురించి చెప్పండి, చాలు."

సరేనన్నాను. ఫోను పెట్టేశాక చేతిలో బట్టలతో చాలాసేపు అక్కడే నిలబడ్డాను. చినుకులు మొదలై, తీసిన బట్టలు కూడా తడిసిపోయాయి.

ఆ రోజు నుంచి ఆదివారం దాకా నేను ఒకచోట నిలవలేదు. తెల్లకాగితం తీసుకుని "నా మిత్రుడు నిజాయితీపరుడు" అని రాసి కొట్టేశాను. "నా మిత్రుడు ఎన్నడూ అబద్ధం ఆడలేదు" అని రాసి, అది ఇంకా గట్టిగా కొట్టేశాను. కాగితం చిరిగింది. కాలవ గట్టు మీద నడవడానికి వెళ్ళి, సగం దూరంలో ఇంట్లో ఏదో మర్చిపోయినట్టు అనిపించి వెనక్కి వచ్చాను. ఏం మర్చిపోయానో ఇంటికొచ్చినా తెలియలేదు. కూరలకని బజారుకి వెళ్ళి కూరల సంచి కొట్లోనే వదిలేసి వచ్చాను. మా ఆవిడ రెండు రోజులు చూసి ఊరుకుంది. మూడో రోజు అడిగింది.

"ఏంటండీ, కాలు కాలినట్టు తిరుగుతున్నారు? అన్నయ్యగారి గాలి గానీ సోకిందా?"

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. వాడు నిలకడగా ఒకచోట ఉన్న మనిషి కాదు. చనువు కొద్దీ వాడు అంటున్నాను. ఊళ్ళో సర్పంచి అయ్యాడు, తర్వాత ఒకసారి ఎమ్మెల్యే కూడా అయ్యాడు, బయట అందరూ బాబుగారు అనేవారు. నాకు మాత్రం కాలేజీలో ఎలా అలవాటయ్యాడో చివరిదాకా అలాగే. తెనాలి వచ్చిన ప్రతిసారీ మా ఇంటికి వచ్చేవాడు. వాడు మా ఇంట్లో కూర్చోగా నేను చూడలేదు. కాఫీ నిలబడి తాగేవాడు. ఇడ్లీ పళ్ళెం చేత్తో పట్టుకుని హాలు ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తూ తినేవాడు. "అన్నయ్యగారూ, ఆ కుర్చీకి ముళ్ళేం లేవండీ" అనేది మా ఆవిడ. "కూర్చుంటే మళ్ళీ లేవాలి కదమ్మా, అదో పని" అనేవాడు.

బుధవారం నాడు, ఇంట్లో ఉండలేక, రైలెక్కి బాపట్ల వెళ్ళాను. మేం ముగ్గురం అక్కడ కలిసి చదువుకున్నాం. మూడోవాడు బాపట్లలోనే స్థిరపడి జిరాక్సు షాపు పెట్టుకున్నాడు. నన్ను చూసి స్టూలు లాగాడు.

"సభలో మాట్లాడమన్నారట కదా? ఏం చెప్తావు?"

"అదే తెలియట్లేదు."

"ఏముందిరా తెలియకపోవడానికి! పొన్నూరు పెళ్ళి సంగతి చెప్పు. జనం నవ్వుతారు. దండం పెట్టి దిగిపో."

పొన్నూరు పెళ్ళి సంగతి మా ముగ్గురికీ కంఠతా వచ్చు. మేం హాస్టల్లో ఉండగా వంటమనిషిని వార్డెన్ పనిలోంచి తీసేశాడు. భార్యకి పురుడు వచ్చిందని ఆయన రెండు రోజులు ఆలస్యంగా వచ్చాడు, అదీ నేరం. పొద్దున్నే మెస్సు గుమ్మంలో కూర్చుని ఏడుస్తున్నాడు. మావాడు వెళ్ళి ఆయన భుజం తట్టాడు. "నీ పని ఎక్కడికీ పోలేదు మామా. లేచి పొయ్యి వెలిగించు. నేను వార్డెన్ గారితో మాట్లాడేశాను" అన్నాడు. ఆయన కళ్ళు తుడుచుకుని లోపలికి పోయాడు.

"ఎప్పుడు మాట్లాడావురా?" అన్నాను.

"ఇప్పుడు మాట్లాడాలి. పద, సైకిలు తియ్యి."

వార్డెన్ ఇంటికి వెళ్తే ఆయన పొన్నూరులో బంధువుల పెళ్ళికి వెళ్ళాడన్నారు. ఒకే సైకిలు మీద, ఎండలో, ఒకరు తొక్కితే ఒకరు వెనక కూర్చుని, పొన్నూరు వెళ్ళాం. మేం చేరేసరికి వార్డెన్ బంతిలో కూర్చుని ఉన్నాడు, విస్తట్లో పప్పు వడ్డిస్తున్నారు. మావాడు చెప్పులు విప్పి ఆయన ముందుకు వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సార్, వంటమనిషిని మీరు తీసెయ్యలేదని చెప్పానండి. మీరు తీసెయ్యలేదు కదండీ?"

చుట్టూ పెళ్ళివారు. పక్కన వియ్యంకుడు. వార్డెన్ మావాడి చెమట మొహం చూశాడు, విస్తరి చూశాడు. "లేదులే. ముందు మీరు భోజనానికి కూర్చోండి" అన్నాడు. ఆ రోజు కూడా వాడు సరిగా కూర్చుని తినలేదు. తిరిగి వచ్చేటప్పుడు నేను తిట్టాను. ఆయన కాదంటే ఆ వంటమనిషి మొహం ఎలా చూసేవాడివని అడిగాను.

"కాదనడురా. ఎలాగూ నిజమయ్యేదే. కాస్త ముందు చెప్పాను, అంతే."

వాడి గుణం అదే. ముందు మాట ఇచ్చేవాడు. ఆ మాట ఇచ్చేటప్పటికి దానికి ఆధారం ఏదీ ఉండేది కాదు. ఆ తర్వాత దాన్ని నిజం చెయ్యడానికి పరిగెత్తేవాడు. ఊరికి బస్సు వస్తుందని చెప్పి, డిపో చుట్టూ తిరిగేవాడు. ఆస్పత్రికి డాక్టరు వస్తున్నాడని చెప్పి, గుంటూరు పోయి ఆ డాక్టరు ఇంటి ముందు నిలబడేవాడు. నూటికి తొంభై సార్లు చెప్పినట్టే జరిగేది. అందుకని జనం వాడి మాటని నమ్మేవారు. వాడు కూడా తన మాటని నమ్మేవాడు.

"ఇది చాలు" అన్నాడు జిరాక్సు షాపు వాడు. "మిగతాదంతా ఎవరికి కావాలి?"

"మిగతాది ఉంది కదా మరి."

"ఏంటి మిగతాది?"

చెప్పలేదు. భార్యకే చెప్పనిది వాడికేం చెప్తాను? టీ తాగకుండానే లేచాను. స్టేషన్‌కి అని బయల్దేరి, ఆటోవాడు ఎక్కడికండీ అంటే సూర్యలంక అన్నాను. సముద్రం దగ్గర పది నిమిషాలు కూడా నిలవలేదు. అదే ఆటోలో వెనక్కి వచ్చాను. ఆటోవాడు నన్ను అద్దంలో రెండు మూడుసార్లు చూశాడు.

ఆ మిగతాది ఇప్పుడు చెప్తాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో రేపల్లె అవతల, కృష్ణ కరకట్ట కింద ఉన్న ఊరి హైస్కూల్లో తొమ్మిదేళ్ళు పనిచేశాను. ఏటి మధ్యలో ఒక లంక ఉండేది. అక్కడి పిల్లలు రోజూ పడవ మీద బడికి వచ్చేవారు. వర్షాకాలం తడిసిన పుస్తకాలతో వచ్చేవారు, నేను వాటిని కిటికీ మీద ఆరబెట్టించి పాఠం చెప్పేవాణ్ణి. లంక వాళ్ళకి నేనంటే గురి. మాస్టారు చెప్పాడంటే అంతే. తర్వాత నాకు తెనాలి బదిలీ అయింది.

వాడు ఎమ్మెల్యేగా ఉన్నప్పుడే కృష్ణకు పెద్ద వరద వచ్చింది. బళ్ళకి సెలవులిచ్చారు. పొద్దున్నే వాడు ఫోను చేశాడు.

"ఒరేయ్, మొదటి బండికి రేపల్లె వచ్చెయ్. గొడుగు తెచ్చుకోకు, చేతులు ఖాళీగా ఉండాలి."

స్టేషన్లో జీపు సిద్ధంగా ఉంది. కరకట్ట ఎక్కి చూస్తే ఏరు ఎర్రగా, బురదగా, దుంగల్ని మోసుకుంటూ పోతోంది. అవతల లంక ఒక ఆకుపచ్చ గీతలా ఉంది. పైనుంచి ఇంకా నీళ్ళు వదులుతున్నారనీ, మధ్యాహ్నానికి లంక మునుగుతుందనీ అధికారులు చెప్తున్నారు. రెండు ఇంజను పడవలు వెళ్ళి ఖాళీగా తిరిగి వచ్చాయి. లంక వాళ్ళు ఎక్కం అన్నారట.

"గేదెల్ని వదిలి రారట" అన్నాడు వాడు. కట్ట మీద అటూ ఇటూ నడుస్తున్నాడు, నేనూ వాడి పక్కనే నడుస్తున్నాను. "వాళ్ళకి అవే ఆస్తి. వాళ్ళదీ తప్పు లేదు. ఎక్కు పడవ."

"నేనెందుకురా?"

"నువ్వుంటే వింటారు."

పడవలో నాకు లైఫ్‌జాకెట్ కట్టారు. వాడు జాకెట్ కట్టుకోలేదు, పడవ ముందుభాగంలో నిలబడే ఉన్నాడు. పడవ వాడు కూర్చోమని రెండుసార్లు అరిచాడు.

లంకలో నీళ్ళు అప్పటికే పసుపు చేలల్లోకి వచ్చేశాయి. జనం అంతా ఒకచోట, రామాలయం అరుగు దగ్గర గుమిగూడి ఉన్నారు. మూటలు కట్టుకుని ఉన్నారు గానీ కదలట్లేదు. ఇళ్ళ పక్కన కొట్టాల్లో గేదెలు కట్టుకొయ్యలకి కట్టేసి ఉన్నాయి. అవి తలలు ఎత్తి ఏటివైపు చూస్తూ అరుస్తున్నాయి.

వాడు అరుగెక్కాడు.

"అమ్మా, అయ్యా, వినండి. రేపల్లె నుంచి పెద్ద బల్లకట్టు బయల్దేరింది. ముందు మనుషుల్ని దాటిస్తాం. వెనకే బల్లకట్టు వస్తుంది. గేదెలన్నిటినీ ఎక్కించి తెస్తాం. ఒక్కటి కూడా పోదు. నాది పూచీ."

బల్లకట్టు ఏదీ లేదు. నేను కట్ట మీద ఉన్నంతసేపూ దాని మాటే ఎవరూ ఎత్తలేదు. వాడు మళ్ళీ కాస్త ముందు చెప్తున్నాడని నాకు అప్పుడే అర్థమైంది.

జనం గుసగుసలాడుకున్నారు. ఇంతలో ఒక ముసలావిడ ముందుకు వచ్చింది. ఆమె కొడుకు నా దగ్గర పదో తరగతి చదివాడు. ఆమె మావాడి వంక చూడలేదు. నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"మాస్టారూ, బాబుగారు చెప్పేది సరే. మీరు చెప్పండి. బల్లకట్టు వస్తుందా?"

నేను వాడి వంక చూశాను. వాడు ఏటివైపు చూస్తున్నాడు. నా వైపు తిరగలేదు.

"వస్తుందమ్మా" అన్నాను.

"అయితే గొడ్లని విప్పి వదిలెయ్యమంటారా, కట్టే ఉంచమంటారా?"

నలభై మంది పిల్లల ముందు నిలబడి ముప్ఫై ఏళ్ళు అడిగినదానికల్లా వెంటనే జవాబు చెప్పడం అలవాటైన నోరు నాది. తెలియదని అనడం దానికి రాదు.

"కట్టే ఉంచండి. వదిలేస్తే చెదిరిపోతాయి. తర్వాత ఎక్కించడం కష్టం" అన్నాను.

వాడు అప్పుడు తిరిగాడు. నన్ను ఒక్కసారి చూశాడు. నోరు తెరిచాడు కూడా. కానీ ఏమీ అనలేదు. అంటే బల్లకట్టు లేదని తేలిపోతుంది. తేలిపోతే ఒక్కరూ పడవ ఎక్కరు.

అందరూ ఎక్కారు. నాలుగు ట్రిప్పుల్లో అందర్నీ దాటించాం. ఆఖరి పడవలో ఆ ముసలావిడ వచ్చింది. పడవ కదులుతుంటే గేదెలు మరీ గట్టిగా అరిచాయి. "వస్తారే, మీకోసం వస్తారు" అని ఆమె వాటికి చెప్పింది.

ఒడ్డుకి దిగిన క్షణం నుంచి వాడు పరిగెత్తాడు. అంత పరుగు అంతకు ముందు గానీ ఆ తర్వాత గానీ వాడిలో నేను చూడలేదు. కట్ట మీద మనుషుల్ని తోసుకుంటూ ఫోన్లు చేశాడు. జీపులో ఎక్కడెక్కడికో వెళ్ళాడు, నేను వెనక సీట్లో ఉన్నాను. కిందివైపు రేవులో ఇసుక తోలే పెద్ద పడవ ఒకటి ఉందని తెలిసి, దాని యజమానిని భోజనం మీద నుంచి లేపుకొచ్చాడు. పడవని కట్ట దగ్గరికి లాక్కొచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. పడవ నడిపే సరంగు ఏటిని చూసి చేతులు జోడించాడు.

"నన్ను చంపినా వెళ్ళలేను బాబూ. ఆ సుడిలో పడవ నిలవదు."

"నువ్వు దిగు. నేను వెళ్తా" అని వాడు పడవలోకి దూకాడు. వాడికి పడవ నడపడం రాదు. ఇద్దరు కానిస్టేబుళ్ళు రెక్కలు పట్టుకుని దించారు. వాళ్ళ చేతుల్లో పెనుగులాడాడు, చొక్కా చిరిగింది. అవతల లంక మీద నల్లగా గేదెల తలలు కనబడుతున్నాయి. కట్టిన తాడు పొడవున అవి లేచి నిలబడి ఉన్నాయి. కాసేపటికి కనబడలేదు.

విప్పి ఉంటే సగానికి పైగా ఈదుకుని ఒడ్డుకి చేరేవి. గేదె ఏటిని ఈదుతుంది. ఆ సంగతి లంక వాళ్ళకి తెలుసు. నాకూ తెలుసు.

మనుషులెవరికీ ఏమీ కాలేదు. పేపర్లు వాణ్ణి మెచ్చుకున్నాయి. చిరిగిన చొక్కాతో ఫోటో వేశాయి. నీళ్ళు తీశాక లంకకి వెళ్ళిన వాళ్ళు ఏం చూశారో నాకు తెలియదు, నేను వెళ్ళలేదు. తెనాలి వచ్చేశాను. బళ్ళు తెరిచారు. పాఠం చెప్తూ చెప్తూ బోర్డు ముందు ఆగిపోయేవాణ్ణి. పిల్లలు నవ్వేవారు.

తర్వాత ఎన్నికలు వచ్చాయి. కరకట్ట ఊళ్ళో వాడి సభకి వెళ్ళాను. ప్రభుత్వోద్యోగిని గనక వేదిక దగ్గరికి పోకుండా షామియానా వెనక వరసలో కూర్చున్నాను. వాడు మాట్లాడుతుండగా మధ్యలో ఆ ముసలావిడ లేచి నిలబడింది. ఎవరో కూర్చోమన్నారు, కూర్చోలేదు.

"ఒక్క మాట అడుగుతా. ఆ రోజు గొడ్లని కట్టే ఉంచమని చెప్పిందెవరు?"

నా తల దానంతట అదే వంగిపోయింది. చెప్పుల కింద ఇసుక చూస్తూ కూర్చున్నాను. లేవాలి అనుకున్నాను. ఇప్పుడు లేస్తాను, ఇప్పుడు లేస్తాను అని లెక్కపెట్టుకుంటున్నాను. మైకులో వాడి గొంతు వినిపించింది.

"నేనే పెద్దమ్మా. నేనే చెప్పాను. బల్లకట్టు లేదని తెలిసి కూడా ఉందని చెప్పాను. మిమ్మల్ని పడవ ఎక్కించాలని చెప్పాను. తప్పు నాదే."

ఆమె నడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఆమె వెనక లంక వాళ్ళందరూ లేచారు. ఆ ఎన్నికల్లో వాడు ఓడిపోయాడు. స్వల్ప తేడాతో ఓడిపోయాడు, లంక వాళ్ళ ఓట్లు పడి ఉంటే గెలిచేవాడని అందరూ అన్నారు.

ఫలితాలు వచ్చిన మర్నాడు రేపల్లె వెళ్ళాను. వాకిట్లో నిన్నటిదాకా ఉన్న కార్లు లేవు. వాడు వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"ఎందుకురా నీ మీద వేసుకున్నావు?" అన్నాను. "ఆ మాట అన్నది నేను."

"నిన్ను పడవ ఎక్కించింది నేను కదా."

"అది వేరు."

వాడు వరండా చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. కొంచెం నవ్వాడు.

"నిజం చెప్పనా? ఒప్పుకుంటే జనం మెచ్చుకుంటారనుకున్నానురా. ఇంత ధైర్యంగా ఎవడు ఒప్పుకుంటాడు అనుకుంటారని. లెక్క తప్పింది."

ఆ రెండు మాటల్లో ఏది నిజమో నాకు ఇప్పటికీ తెలియదు. నన్ను కాపాడటానికి ఒప్పుకుని, ఆ బరువు నా మీద పడకూడదని రెండో మాట అన్నాడా? లేక నిజంగానే ఓట్ల కోసం ఒప్పుకుని, మొదటి మాట మర్యాదకి అన్నాడా? ఇన్నేళ్ళ స్నేహంలో మళ్ళీ అడగడానికి ఎన్నో సందర్భాలు వచ్చాయి. అడగలేదు. వాడూ ఎత్తలేదు. ఆ తర్వాత వాడు ఏ పదవికీ ఎన్నిక కాలేదు. కానీ లంకకి వెళ్ళడం మానలేదని తెలుసు. వరదొస్తే గొడ్లు ఎక్కి నిలబడటానికి లంకలో ఎత్తైన మట్టి దిబ్బ వేయిస్తానని మాటిచ్చాడట. పదవి లేని మనిషి మాట ఎవరు వింటారు? అయినా ఫైలు పట్టుకుని ఏళ్ళ తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగాడు. దిబ్బ వేయించాడు.

ఆదివారం నాడు రేపల్లె కల్యాణ మండపం నిండిపోయింది. వేదిక మీద వాడి ఫోటోకి దండ వేశారు. ఫోటోలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు, ఏ స్టూడియో వాడు కూర్చోబెట్టాడో. నాకంటే ముందు ఎనిమిది మంది మాట్లాడారు. ప్రజల మనిషి అన్నారు, నిప్పులాంటి మనిషి అన్నారు. నా పేరు పిలిచారు.

ముందు పొన్నూరు పెళ్ళి సంగతి చెప్పాను. జిరాక్సు షాపు వాడు అన్నట్టే అందరూ నవ్వారు. అక్కడ దండం పెట్టి దిగిపోవచ్చు. చేతులు జోడించాను కూడా. కానీ దిగలేదు. లంక సంగతి మొదలుపెట్టాను. బల్లకట్టు లేదని చెప్పాను. గేదెల్ని కట్టే ఉంచమని చెప్పింది వాడు కాదు, నేనని చెప్పాను. సభలో వాడు ఒప్పుకుంటుంటే వెనక వరసలో తల వంచుకుని కూర్చున్నానని చెప్పాను. వరండాలో వాడన్న రెండో మాట మాత్రం చెప్పలేకపోయాను. ఎదురుగా వాడి కూతురు కూర్చుని ఉంది.

ఆగాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సభ నడిపే కుర్రాయన గబగబా మైకు అందుకున్నాడు. "మాస్టారు కాస్త భావోద్వేగానికి లోనయ్యారు. వారికి ధన్యవాదాలు. ఇప్పుడు తదుపరి వక్త..." అన్నాడు. నేను దిగి వచ్చి కూర్చుంటే పక్కాయన తన కుర్చీ కొంచెం జరుపుకున్నాడు. నాకు అలా అనిపించింది, నిజమో కాదో.

భోజనాల దగ్గర ఒకామె నా కోసం వెతుక్కుంటూ వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. జరీ అంచు చీర, చేతిలో చెప్పులు.

"మాస్టారూ, నేను లంక నుంచి వచ్చానండి. మీరు చెప్పిన ముసలావిడ మా అత్తగారండి."

"ఆమె..." అన్నాను.

"పోయి ఐదేళ్ళయిందండి."

"ఇవాళ చెప్పింది ఆమె ఉండగా చెప్పాల్సిందమ్మా. మీకెవరికీ తెలియకుండా..."

"తెలియకపోవడమేంటండీ?" ఆమె ఆశ్చర్యంగా చూసింది. "ఆ రోజు మేం పక్కనే ఉన్నాంగా. అరుగు కిందే నిలబడ్డాను నేను. మీరు చెప్తే విన్నాంగా."

"మరి ఆ సభలో మీ అత్తగారు ఆయన్ని..."

"ఆయన్ని కాదండీ. మిమ్మల్ని అడిగింది. వెనక వరసలో మీరున్నారని చూసే లేచింది. మీ వంకే చూస్తూ అడిగింది. మధ్యలో ఆయన దూరాడు."

ఆమె మామూలుగా, ఇంట్లో జరిగిన సంగతి చెప్తున్నట్టు చెప్పింది.

"ఇంటికొచ్చాక మా అత్తగారు ఒకటే అంది. నేను అడిగిన మనిషిని నోరు తెరవనివ్వలేదు, అంతా తనే అన్నాడు, రేపు మనల్ని మాత్రం చెప్పనిస్తాడా అంది. ఓటు వెయ్యనంది. ఆమె వెయ్యనంటే మేమెవరం వేస్తామండీ? కానీ ఆయన మంచోడేనండి. ఏటా వచ్చేవాడు. దిబ్బ వేయించాడు. మా అత్తగారు చివర్లో ఆయనకి మజ్జిగ ఇచ్చేది."

"నన్నెందుకు అడగలేదమ్మా, తర్వాతన్నా?"

"మీరొస్తే కదండీ అడగటానికి?"

ఆమె కోపంగా అనలేదు. అన్నం తిన్నారా అని అడిగి, పడవ వేళైందని వెళ్ళిపోయింది.

రైల్లో తెనాలి వచ్చేదాకా తలుపు దగ్గరే నిలబడ్డాను. వాడు నా కోసం చేశాడనుకున్నాను ఇన్నాళ్ళూ, లేకపోతే ఓట్ల కోసం అనుకున్నాను. ఏదైనా సరే, నాకు లేచే అవకాశం లేకుండా చేశాడు. నేను ఇంకో క్షణానికి లేచేవాణ్ణేమో. లేవకపోయేవాణ్ణేమో. అది తెలుసుకునే వీలు వాడి మంచితనం నాకు మిగల్చలేదు. ఇంట్లో మా ఆవిడ, ఎలా మాట్లాడారని అడిగింది. అంతా చెప్పాను. ఆమె లేచి వంటింట్లో గిన్నెలు సర్దింది. "నాకైనా చెప్పాల్సింది" అంది.

మర్నాడు వాడి కూతురు ఫోను చేసింది. తిడుతుందనుకున్నాను. "నాన్నగారి మీద సంచిక వేస్తున్నాం బాబాయ్. మీరు మాట్లాడింది రాసివ్వండి. మీరు ఏదో మధ్యలో ఆపేశారనిపించింది. అది కూడా రాయండి" అంది. రాశాను. వరండా మాట కూడా రాశాను. చదువుకుని వేస్తుందో లేదో ఆమె ఇష్టం.

గురువారం లంకకి వెళ్ళాను. ముసలావిడ కొడుకు పసుపు చేలో ఉన్నాడు. జుట్టు నెరిసింది. నన్ను చూసి చేతులు కడుక్కుని గట్టు మీదికి వచ్చాడు. దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలు నాకు ఒక్కటీ గుర్తు రాలేదు.

"తప్పు చేశానయ్యా. మీ అమ్మగారికి చెప్పుకోవాల్సింది" అన్నాను.

అతను చేలోకి చూస్తూ అన్నాడు.

"అవును మాస్టారూ. ఆవిడ ఉన్నప్పుడే రావాల్సింది. మీరు వస్తారని రెండు మూడేళ్ళు చూసింది."

ఫరవాలేదు అనలేదు. నేనూ ఆ మాట కోసం ఆగలేదు. ఎండ మండుతోంది. "మీ కోడళ్ళూ పిల్లలూ ఎలా ఉన్నారు మాస్టారూ?" అని అడిగాడు, అడగాలి గనక అడిగినట్టు. చెప్పాను. తర్వాత ఇద్దరం కలిసి కొట్టం దాకా నడిచాం. అక్కడ నాలుగు గేదెలున్నాయి. వాటికి గడ్డి వెయ్యాల్సిన వేళైందని అతను లోపలికి వెళ్ళాడు. నేను చొక్కా చేతులు పైకి మడుచుకుని, మోపులోంచి గడ్డి తీసి అందించాను. అతను వద్దనలేదు.